కరెంటు పోయిన పూట కళ్ళు తిరిగాయి

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది చెకింగమ్మ. అసలు పేరు వేరే ఉంది గానీ, కండక్టరు పని నుంచి బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలోకి మారిన దగ్గర్నుంచీ డిపోలోనూ ఇంట్లోనూ ఆ పేరే స్థిరపడిపోయింది. పాలు పొంగకముందే పొయ్యి కట్టేస్తుంది, అబద్ధం పూర్తి కాకముందే పట్టేస్తుంది. "టికెట్ లేనివాడు మన మొహం చూడడే. కిటికీలోంచి బయటికి చూస్తాడు. అక్కడే దొరికిపోతాడు" అంటూ కూతురికి చిన్నప్పుడు కథలకు బదులు ఇలాంటివే చెప్పి నిద్రపుచ్చింది.

ఆమె భర్త అదే డిపోలో డ్రైవరు. ఆయన్ని అందరూ గ్లాసుగారంటారు. బండిలో నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టినా చుక్క ఒలకకుండా ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి తీసుకెళ్తాడని ఎప్పుడో ఎవరో అన్నారు. నిజంగా గ్లాసు పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు, పేరు మాత్రం నిలిచిపోయింది. ఆయనకు ఆ పేరంటే లోపల్లోపల మహా ఇష్టం.

లిఫ్టు ఉంటే మెట్టు తొక్కని మనిషి, పక్క వీధి దుకాణానికి కూడా "రేపు చూద్దాంలే" అనే మనిషి, ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరి చేత మోయించుకుని ట్రెడ్‌మిల్ ఇంటికి తెచ్చాడు. ముందు గదిలో సోఫా పక్కకి జరిపించి టీవీకి ఎదురుగా పెట్టించాడు. చెకింగమ్మ నోరెత్తలేదు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె నోరెత్తకపోతేనే ఆ ఇంట్లో అందరికీ భయం.

మర్నాడు పొద్దున కాఫీల వేళ అందరూ ఆ మెషీన్ చుట్టూ చేరారు.

"ఇదేం నడకరా నాయనా? ఎక్కిన చోటే దిగుతావు. ఎక్కడికీ పోని నడక్కి ఇంత హడావుడా?" అంది ఆయన తల్లి, కాఫీ గ్లాసు ఊదుకుంటూ. మనవరాలు ఆవిడని మామ్మ అంటుంది కాబట్టి వీధిలో వాళ్ళకి కూడా ఆవిడ మామ్మే.

"ఒంటికి మంచిదమ్మా."

"ఇన్నాళ్ళూ లేని ఒళ్ళు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" అంది చెకింగమ్మ. అదే ఆమె మొదటి ప్రశ్న.

గ్లాసుగారు జవాబు చెప్పకుండా మీట నొక్కి నడవడం మొదలుపెట్టాడు. రెండు చేతులతో కడ్డీలు గట్టిగా పట్టుకుని, తల నిటారుగా ఉంచి, ఎదుటి గోడకేసి చూస్తూ నడిచాడు. కాసేపయ్యాక ఆపి కిందికి దిగాడు. దిగాడో లేదో, నేల కదిలిపోయినట్టు ఓ పక్కకి తూలి సోఫా వీపు పట్టుకున్నాడు.

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే కూతురు పిచ్చుక, డ్యూటీకి తయారవుతున్నదల్లా పకపకా నవ్వింది. సన్నగా ఉండి ఎప్పుడూ కిచకిచలాడుతుందని ఆ ముద్దుపేరు. "కొత్తలో అంతే నాన్నా! మెషీన్ ఆగిపోయినా కాళ్ళ కింద నేల నడుస్తున్నట్టే ఉంటుంది. మా దుకాణంలో ఒకమ్మాయి మొదటి రోజు గోడ పట్టుకుని ఏడ్చిందంట."

"అందరికీ అంతేనా?" అన్నాడాయన.

"అందరికీ అంతే."

"కళ్ళు తిరగడం... మామూలేనంటావు?"

"మామూలే నాన్నా, భయపడకు."

ఆయన మొహం విప్పారింది. సోఫాలో కూలబడి, మిగిలిన కాఫీ తృప్తిగా తాగాడు. చెకింగమ్మ అది చూసింది. కళ్ళు తిరిగిన మనిషి బెదరాలి, విసుక్కోవాలి, పోనీ సిగ్గుపడాలి. ఈయనేంటి, పరీక్ష పాసైనట్టు మురిసిపోతున్నాడు? ఆ క్షణాన ఆమె మనసులో పడిన ముల్లు మళ్ళీ బయటికి రాలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏం జరిగినా మెషీన్ మీదికే పోయేది. కింద పడ్డ చెంచా తియ్యబోయి గ్లాసుగారు గోడ పట్టుకుంటే "మెషీన్ దెబ్బ". అటకమీది డబ్బా కోసం తలెత్తి, దించి, కుర్చీలో చతికిలబడితే "మెషీన్ దెబ్బ". పొద్దున మంచం మీంచి లేస్తూ కళ్ళు మూసుకుని అంచున అలాగే కూర్చుండిపోయినా మెషీన్ దెబ్బే.

"మెషీన్ ఎక్కి ఎంతసేపైంది?" అని అడిగేది చెకింగమ్మ.

"ఇందాకే."

"ఇందాకంటే ఎప్పుడు? నేను వంటింట్లో ఉన్నప్పుడా, స్నానానికి వెళ్ళినప్పుడా?"

"ఇందాకంటే ఇందాకే! దానికి కూడా టికెట్ కొట్టించుకోవాలా?"

మామ్మ కిసుక్కున నవ్వేది. చెకింగమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మొగుడు అబద్ధం ఆడుతున్నాడు, అంతవరకూ ఖాయం. ఎందుకో అంతుపట్టడం లేదు. ఈ వయసులో ఒంటి మీద శ్రద్ధ ఎవరి కోసమని ఓ రోజు అద్దం ముందు నిలబెట్టి తేరిపార చూసింది. జుట్టుకి రంగు లేదు, చొక్కాకి కొత్త వాసన లేదు, ఫోను ఎక్కడపడితే అక్కడే పడేసి ఉంటుంది. ఆ అనుమానం కొట్టేసింది. అయితే మందు అలవాటై ఉండాలి. ఓ సాయంత్రం డ్యూటీ దిగి రాగానే ఎదురెళ్ళి, ఆయన మొహానికి మొహం ఆనించినంత పనిచేసింది.

గ్లాసుగారు ఆమె ఉద్దేశం వేరుగా అర్థం చేసుకుని, "అమ్మ చూస్తోందే..." అంటూ సిగ్గుపడ్డాడు.

"చూడనివ్వండి. నోరు తెరవండి."

టీ వాసన తప్ప ఇంకేం లేదు. ఆయన మొహం చిన్నబోయింది. పాపం, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చివరికి ఓ పొద్దున కాఫీల దగ్గర ఆమె తెగించేసింది. "పిచ్చుకా, ఆ మెషీన్ ఫోటో తీసి అమ్మకానికి పెట్టవే. నాన్నకి పడటంలేదు."

గ్లాసుగారు చేతిలో కప్పు దించాడు. "వద్దు! ఉండనీ!"

"అదేంటండీ? తల తిప్పే దాన్ని తలకెత్తుకుంటారేం? ఎక్కితే కళ్ళు తిరుగుతాయి, తీసేద్దామంటే ప్రాణం మీదికొచ్చినట్టు అరుస్తారు. మెషీన్ పోతే మీకేం పోతుంది?"

గ్లాసుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అలవాటు పడతాలే" అన్నాడు.

ఇంత సర్వీసులో ఎందర్ని చూసిందో! మనిషి కిటికీ వైపు తిరగగానే చెకింగమ్మ తన కాఫీ తాగకుండానే పక్కన పెట్టేసింది. ఆ పూటకి ఇంకేం అడగలేదు. బ్యాగు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది గానీ, ఎక్కిన ప్రతి బండిలోనూ టికెట్లు చూస్తున్నా మనసు మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ కంగారులో ఒక ముసలాయన్ని రెండుసార్లు టికెట్ అడిగి చీవాట్లు తింది.

రెండు రోజుల తర్వాత, తలనొప్పిగా ఉందని ఆమె మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, ముందు గదిలో నేల మీద గ్లాసుగారు. యూనిఫాంలోనే ఉన్నాడు. వీపు ట్రెడ్‌మిల్‌కి ఆనించి, దాని కడ్డీ ఒక చేత్తో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. మొహం నిండా చెమట. ఒక కాలికి బూటుంది, రెండోది పక్కన దొర్లుతోంది.

"ఏమైందండీ?" బ్యాగు విసిరేసి పరుగెత్తింది.

"ఏం లేదు. మెషీన్... ఇప్పుడే దిగాను. కాస్త కళ్ళు..."

ఆమె చెంగుతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తూనే ఆమె చూపు బూటు మీద పడింది. "ఒంటి బూటుతో ఎక్కారా?"

ఆయన చేత్తో తడిమి ఆ బూటుని వెనక్కి నెట్టాడు.

ఇంతలో లోపలి గదిలోంచి మామ్మ, పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటూ వచ్చింది. "ఎప్పుడొచ్చావురా? ఓ కునుకు తీశాను, తలుపు చప్పుడే వినలేదు. అమ్మాయ్, కింద వైర్లు బాగుచేసేవాళ్ళని కాస్త కసరవే. పొద్దున నువ్వు వెళ్ళగానే కరెంటు తీశారు, ఇంతవరకూ దిక్కులేదు. ఫ్యాను లేక ప్రాణం పోతోంది."

చెకింగమ్మ తలెత్తి ఫ్యాను చూసింది. తిరగడం లేదు. లేచి వెళ్ళి ట్రెడ్‌మిల్ మీట నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

"కరెంటు లేని మెషీన్ మీద ఎలా నడిచారండీ?"

ఆయన కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

"చెప్పండి. ఎన్నాళ్ళుగా ఉంది ఇది? మెషీన్ రాకముందు నుంచే ఉంది కదూ?"

"ఏమే, పోలీసు విచారణా ఇది?" మామ్మ గొంతు పెంచింది. "మనిషి నేల మీద పడుంటే మంచినీళ్ళివ్వక, ఆ ప్రశ్నలేంటి?"

"మీరుండండి అత్తయ్యా. కళ్ళు తిరిగేది పక్కింటాయనకైతే నేనూ మంచినీళ్ళే ఇచ్చేదాన్ని. ఈయన బస్సు నడుపుతాడు" అంటూ భర్త ఎదురుగా నేల మీదే కూర్చుంది. "ఒక్క మాట చెప్పండి. బండిలో ఉండగా ఎప్పుడైనా వచ్చిందా?"

గ్లాసుగారు కళ్ళు తెరిచాడు. "ఒక్కసారి" అన్నాడు.

"ఎక్కడ?"

"వంతెన దిగే మలుపులో. అద్దంలోకి చూద్దామని తల తిప్పాను. రోడ్డు తలకిందులైపోయింది. ఎలా ఆపానో నాకే తెలీదు, బండి పక్కకి తీశాను. బ్రేకు వాసన వస్తోందని కండక్టరుకి చెప్పాను. కాసేపటికి తగ్గింది. మళ్ళీ తీశాను."

"జనం ఉన్నారా?"

"నిండుగా."

మామ్మ విసురుకోవడం ఆపేసింది. చెకింగమ్మకి కోపం ముంచుకొచ్చింది. "మీకు మతి ఉందా? జనాన్ని నింపుకుని... ఆ తర్వాత కూడా రోజూ వెళ్తున్నారా? నాకు ఒక్క ముక్క చెప్పకుండా, ఈ మెషీన్ తెచ్చి అడ్డం పెట్టుకుంటారా!"

"నీకు చెప్తే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాను? డిపోకి రిపోర్టు రాస్తాను. అది నా డ్యూటీ."

"చూశావా." ఆయన నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "అందుకే చెప్పలేదు. పెళ్ళానికి చెప్తే చాలు, డిపోకి చెప్పినట్టే. మొదటిసారి వచ్చినప్పుడు చెబుదామనే ఇంటికొచ్చాను. 'ఏమోయ్, నాకదోలా ఉంది' అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా? 'ఎప్పుడు? ఎక్కడ? ఏం తిన్నారు? ఎవరు చూశారు?' అని వరసపెట్టావు. ఏం లేదులే అని తప్పించుకున్నాను. నా పెళ్ళాం డ్యూటీ దిగి ఇంటికొస్తుందేమోనని చూశానే. రోజూ ఇన్‌స్పెక్టరమ్మే వచ్చేది."

చెకింగమ్మ తన ఒంటి మీది యూనిఫాం కేసి చూసుకుంది.

"మన డిపోలో నాతోపాటు బండి నడిపేవాడే, నవ్వులాయన, వాడికి చూపు తగ్గిందని స్టోరు గదిలో వేశారు కదా? వాడు అటు పోతుంటే అందరూ ఏమంటారో తెలుసా? 'పాపం' అంటారు. ఎంత పేరున్నవాడు! ఇప్పుడు వాడి పేరే 'పాపం'. స్టీరింగ్ తీసేస్తే నేనెవర్నే? నాకింకేం వచ్చు? మంచం దిగితే కళ్ళు తిరుగుతున్నాయని మీకు తెలిసిపోతుందని భయం వేసింది. ఏదో ఒక కారణం కావాలి. ఎవరో అన్నారు, ఈ మెషీన్ ఎక్కితే అందరికీ కళ్ళు తిరుగుతాయని. వెళ్ళి తెచ్చేశాను."

"తగ్గిపోతుందిలే అనుకున్నాడు, వెర్రినాగన్న" అంది మామ్మ, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

గుమ్మం దగ్గర అలికిడైంది. పిచ్చుక నిలబడి ఉంది. దుకాణానికి మధ్యాహ్నం సెలవిచ్చారట, ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరూ గమనించలేదు. ఎప్పుడూ కిచకిచలాడే పిల్ల, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బ్రేకు వాసనంటూ ఆపింది... వంతెన దగ్గర కదా నాన్నా?"

గ్లాసుగారు తల తిప్పబోయి, గుర్తొచ్చి ఒళ్ళంతా తిప్పి చూశాడు.

"ఆ బండిలో నేనున్నా" అంది పిచ్చుక. "ఆలస్యమై పరుగెత్తుకుంటూ వెనక గుమ్మంలోంచి ఎక్కాను. నువ్వు చూడలేదు. ఎవరో ఆయన డ్రైవర్ని తిడుతుంటే, 'ఆయన గ్లాసుగారండీ, ఊరికే ఆపరు' అని దెబ్బలాడాను నాన్నా. జనం ప్రాణాలంటే ఆయనకెంత జాగ్రత్తో తెలుసా అని..."

పిచ్చుక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

గ్లాసుగారు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కడ్డీ మీంచి చెయ్యి వదిలేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. "నిన్ను కూర్చోబెట్టుకునా తల్లీ... నిన్ను కూర్చోబెట్టుకునా..." అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. మామ్మ క్యాలెండరు అట్ట కింద పడేసి కొడుకు వీపు నిమురుతూ కూర్చుంది.

చెకింగమ్మ ఆయన కాళ్ళ దగ్గరికి జరిగింది. మిగిలిన బూటు లేసు విప్పి, బూటు లాగి, మేజోడు తీసింది. అరికాలు చల్లగా ఉంది. రెండు చేతులతో రుద్దుతూ, "నాకు చెప్పుకోలేని ఇల్లు చేశానాండీ నేను?" అంది. కన్నీళ్ళు ఆ పాదం మీదే పడ్డాయి. తుడుచుకోలేదు.

"నీ తప్పేం లేదే. నువ్వడిగింది న్యాయమేగా."

"అడగటం నేర్చుకున్నాను గానీ వినడం మర్చిపోయాను. కండక్టరుగా మీ బండిలో ఉన్నప్పుడు మీరు గేరు మార్చే చప్పుడు విని చెప్పేదాన్ని, ఇవాళ ఈయనకి ఆకలిగా ఉందనో, కోపంగా ఉందనో. ఇప్పుడేమో మంచం పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుంటే, మందు తాగారేమోనని నోరు వాసన చూశాను." ముక్కు చీదుకుంది. "రేపు పొద్దున బండి మీదేగా?"

"మొదటి షిఫ్టు."

"మీరు బండెక్కితే రాస్తాను. మీరు నా మొగుడైనా, ఇంకెవరైనా రాస్తాను, అది మాత్రం మారదు. ఎక్కకపోతే నేను రాయడానికేం ఉండదు. మీరే వెళ్ళి మేనేజరుకి చెప్పండి. నేను సెలవు పెడతాను. ఈ యూనిఫాం వేసుకోను. మీ పక్కన నిలబడతాను, అంతే."

"వాళ్ళు 'పాపం' అంటే?"

"అననివ్వండి. అన్నవాడి టికెట్ నేను చూసుకుంటాను."

ఏడుపులోంచే పిచ్చుకకి నవ్వొచ్చింది. మామ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "ముందు వాడికి మంచినీళ్ళివ్వండే ఎవరైనా" అంది.

మర్నాడు మొదటి షిఫ్టు బండి వేరే డ్రైవరు తీశాడు. గ్లాసుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి, వంతెన మలుపు సంగతితో సహా అంతా చెప్పాడు. చెకింగమ్మ పక్కనే నిలబడింది. మధ్యలో రెండుసార్లు ఆయన మాట తడబడినా అందుకోలేదు. మేనేజరు ముందు కేకలేశాడు, వేయాల్సినవే. ఆ తర్వాత కుర్చీ చూపించి, తనే చెవుల డాక్టరుకి ఫోను చేశాడు.

డాక్టరు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి తల ఓ పక్కకి తిప్పగానే, గ్లాసుగారు అరిచి బల్ల అంచు పట్టుకున్నాడు. చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. అవి ఉండాల్సిన చోటు వదిలి జారితే, తల కదిపినప్పుడల్లా లోకం గిర్రున తిరుగుతుందట. ఇలాగే తలని ఒక పద్ధతిలో తిప్పి వాటిని వెనక్కి పంపుతారట. "తగ్గుతుంది. కానీ మళ్ళీ రాదని మాటివ్వలేను. నేను సరేననేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా బస్సు సంగతి అప్పుడే చెప్తాను" అన్నాడు డాక్టరు. గ్లాసుగారు తలూపబోయి, ఊపకుండా "సరేనండి" అన్నాడు.

ఇంటికి బస్సులో బయల్దేరారు. ఇద్దరూ టికెట్ కొనుక్కుని మధ్యలో ఓ సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. డ్రైవరు కొత్త కుర్రాడు. బండి వేగం తగ్గాల్సిన ప్రతి చోటా గ్లాసుగారి కుడికాలు, ఎదుటి సీటు కింద ఖాళీ నేలని గట్టిగా నొక్కుతోంది. ఆయనకు తెలీదు. చెకింగమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

సంత వీధి మలుపులో బండి ఓ ఊపు ఊపింది. నిలబడినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఎక్కువ తిప్పాడు" అన్నాడు గ్లాసుగారు మెల్లిగా.

"రిపోర్టు రాయనా?"

ఆయన నవ్వాడు. "వద్దులే. చిన్నవాడు. రేపు బాగానే తిప్పుతాడు. చేతులు మంచివి, చూడు, గట్టిగా పట్టుకోవడంలేదు" అన్నాడు. ఇన్నేళ్ళలో పదిమందిలో ఆమె చెయ్యి పట్టుకుని ఎరగని మనిషి, కళ్ళు మూసుకుని ఆమె భుజం మీద తల వాల్చాడు.

'మళ్ళీ తిరుగుతున్నాయా?' అన్న ప్రశ్న చెకింగమ్మ నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయన తల జారిపోకుండా భుజం కాస్త ఎత్తి, స్టాపు వచ్చేదాకా అలాగే కూర్చుంది.